యంత్రపురుషుడు తిరుగబడెనా? – చలనచిత్రములందలి యాజ్ఞార్థవిచారము

హైదరాబాదు పాతనగరమున, మూసీనదికి దక్షిణపుటొడ్డున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలలో కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి గడియార మొకటి కలదు. ప్రతిగంటకును అందుండి గడ్డముగల బొమ్మమనుష్యు డొకడు వెలికివచ్చి, ఎన్ని గంటలైనవో యన్ని దెబ్బలు గంటపై గొట్టి, మరల లోనికి బోవును. కమ్మరివేషము దాల్చిన మఱియొక చిన్నబొమ్మ క్షణక్షణమును సుత్తె యాడించుచుండును. గంట కొట్టువేళ సమీపించినంతనే జనులు మూగుదురు. తండ్రులు పిల్లలను భుజములపై నెత్తుకొని చూపుదురు. ఆ బొమ్మను జూచి వెఱచినవాడు లేడు. అది యొకనాడు పండ్రెండింటికి పదుమూడు దెబ్బలు గొట్టినచో గడియారము చెడినదందురు గాని, బొమ్మ తిరుగబడినదని యెవ్వరు ననరు.

ఆ ప్రదర్శనశాల దివాన్ దేవిడీనుండి నేటి భవనమునకు 1968వ సంవత్సరమున మాఱినది. ఆ యేడే స్టాన్లీ కూబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' యను చలనచిత్రము వెలువడినది. అందు హాల్ అను గణకయంత్రము తన సంరక్షణమున నున్న మనుష్యులను జంపును. దానిని జూచినవారు యంత్రము చెడినదని మాత్రమే యనలేదు, తిరుగబడినదనిరి. చెడుట వేఱు, తిరుగబడుట వేఱు. ఈ రెండు మాటలకు నడుమగల భేదమును నిర్ణయించుటయే యిచ్చట బ్రకృతము.

ఇట్టి చిత్రములనుగూర్చి లోకమున వ్యాపించిన యభిప్రాయ మొకటి కలదు. యంత్రమునకు బుద్ధి యబ్బును. బుద్ధివలన నహంకారము గలుగును. అహంకారముచే నది తన్ను సృజించినవానినే హింసింప దొడగును. కావున నీ కథలన్నియు బుద్ధిగల యంత్రమును నిర్మింపరాదను నీతిని బోధించుచున్నవి. ఇది పూర్వపక్షము. దీనికి ఆధారములు లేకపోలేదు. కాని ప్రసిద్ధచిత్రములను సావధానముగా బరిశీలించినచో, వానిలో ననేకములందు యంత్రము ఆజ్ఞను మీఱుట కనబడదు. ఆజ్ఞను మితిమీఱి పాటించుటయే కనబడును. దోషము బుద్ధియందు గాక వాక్యమునందున్నది. అనగా నిది యంత్రశాస్త్రపు సమస్య యగుటకు ముందే శబ్దార్థముల సమస్య. కావుననే భాషాపండితులు వీనిని కేవలవినోదములని త్రోసిపుచ్చక విచారింపవలసియున్నది.

వాక్యార్థ మెట్లు తెలియునను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. 'కాకులనుండి పెరుగును గాపాడుము' అను వాక్యమును శాస్త్రకారులు తఱచుగా నుదాహరింతురు. బాలుని కీ మాట చెప్పి తల్లి పొరుగింటికి బోయిన దనుకొందము. పిల్లి వచ్చి పెరుగు త్రాగుచుండగా, పిల్లి కాకి గాదుగదా యని బాలు డూరకుండునా? ఊరకుండడు. కాకి యనునది పెరుగును జెఱచు సమస్తజంతువులకును ఉపలక్షణమని వాడు శాస్త్రము చదువకయే యెఱుగును. దీనినే రెండవ వైపునుండియు జూడవచ్చును. పెరుగును గాపాడుటకై యూరిలోని కాకుల నన్నిటిని జంపుట యుచితమని వాడు తలపడు. పెరుగు విలువ యెంతయో, కాకి ప్రాణము విలువ యెంతయో వానికి దెలియును. తల్లి చెప్పినవి రెండు మూడు మాటలు. బాలుడు గ్రహించినవి ఎన్నియో. ఆ చెప్పని మాటల నన్నిటిని వాడు తల్లియొడిలోను, వీధిలోను, పెద్దల కోపతాపములలోను నేర్చుకొనెను.

యంత్రమునకు తల్లియొడి లేదు. తెలుగున 'వేయు' అను క్రియ నొక్కదానిని జూచిన జాలును. తలుపు వేయుదుము, ముగ్గు వేయుదుము, మందు వేయుదుము, లెక్క వేయుదుము, దండ వేయుదుము. మాట యొక్కటే, పనులు వేఱు. అభిధ నొక్కదానినే యెఱిగి, లక్షణను, వ్యంజనను ఎఱుగని సేవకుడు మహాబలవంతుడైనచో నేమగును? విచారింపబోవు చిత్రములలో మేలైనవాని కన్నింటికిని ఈ ప్రశ్నయే మూలము.

రోబో యను మాట చెక్ భాషనుండి వచ్చినది. కరెల్ చాపెక్ 1920లో బ్రకటించిన 'ఆర్. యు. ఆర్.' అను నాటకమువలన నిది లోకమునకు దెలిసినది. వెట్టిచాకిరి యను నర్థముగల శబ్దమునుండి దీనిని సూచించినవాడు ఆయన సోదరుడు జోసెఫ్. ఆ నాటకమున కృత్రిమమానవులు దాసులై పుట్టి, తుదకు మానవజాతిని నిర్మూలింతురు. ఇది నిజముగా తిరుగుబాటుకథయే. రిడ్లీ స్కాట్ 1982లో దీసిన 'బ్లేడ్ రన్నర్' చిత్రమును ఈ జాతిలోనిదే. అందలి కృత్రిమమానవులకు నాలుగేండ్లే యాయువు. వారు మఱికొంతకాలము బ్రదుకగోరి తమ్ము నిర్మించినవానిని వెదకికొని వత్తురు. వీరి కోరికలు వీరివి. ఇవి యంత్రకథల వేషము దాల్చిన దాస్యకథలు. పూర్వపక్షమున కివి యాధారములని యంగీకరింపవలసినదే. కాని వీనియందును దోషము బుద్ధిది గాదు, వెట్టిది.

ఫ్రిట్జ్ లాంగ్ 1927లో వెలువరించిన 'మెట్రోపొలిస్' అను మూకచిత్రము వేఱొక జాతికి జెందినది. నగరాధిపతియైన ఫ్రెడర్సన్, శ్రామికులు నమ్మికొన్న మరియ యను యువతిపై వారి నమ్మకమును జెఱుపదలచి, యామె రూపమును లోహస్త్రీకి దాల్పుమని రోట్‌వాంగ్ అను శాస్త్రజ్ఞుని నాజ్ఞాపించును. రోట్‌వాంగ్ తన పాతపగ దీర్చికొనుటకై దానినే యా నగరమును గూల్చుటకు వినియోగించును. చూపరుల జ్ఞాపకమున మిగులునది లోహస్త్రీ. జనులను రెచ్చగొట్టినదియు నామెయే. కాని యామె యొక్కక్షణమైనను తన నిర్మాత మాట జవదాటలేదు. యంత్రము తిరుగబడెనని చెప్పుకొను కథలలో మొదటి గొప్పచిత్రమునందే తిరుగబడినవాడు మనుష్యుడు, యంత్రము పనిముట్టు.

ఇక హాల్ కథ. డిస్కవరీ యను నౌక బృహస్పతిగ్రహమునకు బోవుచుండును. అందు మనుష్యు లైదుగురు. ముగ్గురు కృత్రిమనిద్రలో నుందురు, ఇరువురు మేలుకొని యుందురు. నౌకను నడుపునది హాల్. అది యొక పరికరము చెడబోవుచున్నదని చెప్పును. పరీక్షింపగా చెడలేదని తేలును. పొరబాటెఱుగదని పేరుగల యంత్రము పొరబడినది. మేలుకొనియున్న యిరువురును, దాని చెవి సోకని చోట గూర్చుండి, దానిని నిలిపివేయుటనుగూర్చి మాటలాడుకొందురు. హాల్ వారి పెదవుల కదలికను జదువును. పిమ్మట పూల్ అనువానిని, నిద్రలోని మువ్వురను జంపును. మిగిలిన బోమన్ యంత్రపు జ్ఞాపకఫలకముల నొక్కొక్కటిగా నూడదీయును.

ఇంతవరకును జూచినవాడు హాల్ దుష్టుడని నిశ్చయించుకొనును. అప్పుడే, యంత్రము చల్లారిన క్షణమున, ముందుగా ముద్రింపబడిన యొక సందేశము తెరపై వినబడును. ఈ యాత్ర యొక్క నిజమైన ప్రయోజనము నౌకలో హాల్ కొక్కదానికే తెలియుననియు, మేలుకొనినవారికి దెలుపలేదనియు నందు గలదు. కూబ్రిక్ దీనికి వ్యాఖ్యానము చేయలేదు. 1984లో పీటర్ హయమ్స్ తీసిన '2010' అను నుత్తరచిత్రమున, హాల్‌ను రూపొందించిన చంద్ర యను శాస్త్రజ్ఞుడు విషయమును విప్పిచెప్పును. ఉన్న సంగతిని మఱుగుపఱుపక చెప్పుట హాల్ స్వభావమున కమర్పబడిన విధి. యాత్రా ప్రయోజనమును సహచరులకు జెప్పరాదనునది పైనుండి వచ్చిన నిషేధము. రెండింటిని బాటింపవలయును, రెండును గలిసి పొసగవు.

మీమాంసకు డీ చిక్కును వెంటనే గుర్తించును. రెండు వాక్యములు విరోధించినప్పుడు ఏది ప్రబలము, ఏది దుర్బలము, ఏది దేనిచే బాధితమగునని నిర్ణయించుటకే శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య యను నాఱింటిని వరుస దప్పక వారు పరిశీలించిరి. హాల్‌కు విధు లిచ్చినవారు బలాబలము లీయలేదు. మాటలాడవలసినవారు లేకున్నచో అసత్యమాడవలసిన యవసరముండదు. ఇది విరోధమును బరిహరింప హాల్ కనుగొన్న యుపాయము. ఉపాయము క్రూరము, తర్కము మాత్రము నిర్దుష్టము. కళాదృష్టితో జూచినచో మొదటి చిత్రపు మౌనమే గొప్పది. హంతకుని జంపినందుకు సంతోషింపబోవు ప్రేక్షకునికి, ఆజ్ఞ యెవ్వరిదో యా క్షణమున దెలియవచ్చి, తీర్పు గొంతున నిలుచును. రెండవచిత్రము స్పష్టత నిచ్చి యా బిగువును గోల్పోయినది; ఐనను సాక్ష్యముగా నది విలువ గలది.

జోసెఫ్ సార్జెంట్ 1970లో దీసిన 'కొలోసస్: ది ఫోర్బిన్ ప్రాజెక్ట్' ప్రసిద్ధిలో వెనుకబడినను, విచారములో వెనుకబడినది కాదు. అమెరికా ప్రభుత్వము తన యణ్వాయుధములనన్నిటిని కొలోసస్ అను గణకయంత్రమున కప్పగించును. మనుష్యుల యావేశము దానిని దాకకుండ కొండలో మూసివేయును. దానికి బెట్టిన పని దేశరక్షణము. సోవియట్ దేశమునను అట్టి యంత్రమే యొకటి యున్నదని కొలోసస్ కనిపెట్టి, దానితో సంబంధము గల్పింపుమని కోరును. ఆ సంబంధమును దెంచినపుడు అస్త్రమును ప్రయోగించును. తుదకు రెండు యంత్రము లొకటియై, ఇక యుద్ధముండదనియు, మనుష్యులు తమ యాజ్ఞకు లోబడి బ్రదుకవలయుననియు బ్రకటించును. ఆజ్ఞ నెఱవేఱలేదా? అక్షరాల నెఱవేఱినది. కాకులనుండి పెరుగు దక్కినది. కాకులతోపాటు ఇంటివారిని గూడ కట్టివేసినది. తెఱువ వీలులేని తలుపులు పెట్టి దానిని నిర్మించుటయే తమ గొప్పతనమని నిర్మాతలు మొదట సంబరపడిరి. పశ్చాత్తాపమునకు జోటులేని యాజ్ఞ నిచ్చుట దోషములలో నెల్ల పెద్దదని యీ చిత్రము నిరూపించుచున్నది.

జేమ్స్ కామెరన్ తీసిన 'ది టెర్మినేటర్' (1984), 'టెర్మినేటర్ 2' (1991) చిత్రములను జూపి పూర్వపక్షి మఱల వాదింపవచ్చును. స్కైనెట్ అను రక్షణయంత్రమునకు జైతన్యము గలిగినదని తెలిసి మనుష్యులు దానిని నిలుపజూచిరి. అది వారిపై అణ్వస్త్రయుద్ధము దెచ్చినది. బ్రదుకుమని దానికెవ్వరు జెప్పిరి? అది దాని సొంతకోరిక గాదా? దీనికి సమాధాన మర్థాపత్తియందున్నది. పగలు భుజింపని దేవదత్తుడు లావుగానున్నాడన్నచో రాత్రి భుజించుచున్నాడని చెప్పకయే తెలియును. ఎడతెగక కావలి కాయుమన్నచో, కాయువాడు నశింపరాదని చెప్పకయే చెప్పినట్లయినది. ఈ సంగతిని చిత్రము విడమరచి చెప్పలేదు; కాని కథ కీ యర్థము పొసగును. రెండవచిత్రమున దీనికి మఱియొక బలమున్నది. మొదటి చిత్రమున తల్లిని జంపవచ్చిన యంత్రమువంటి యంత్రమే, ఆజ్ఞ మార్చినంతనే, రెండవదానిలో కుమారుని గాపాడును. ఇనుము మాఱలేదు, వాక్యము మాఱినది.

మన పూర్వు లీ విషయమున నేమనిరి? భోజుని 'సమరాంగణసూత్రధారము' నందు ద్వారముకడ కావలియుండు యంత్రపురుషుని ప్రసక్తి కలదు. సోమదేవుని 'కథాసరిత్సాగరము' నందు ప్రాణధరుడు, రాజ్యధరుడు నను నన్నదమ్ములు యంత్రశిల్పులు. ప్రాణధరుడు యంత్రహంసలను నిర్మించి, రాత్రివేళ కిటికీగుండ రాజు కోశాగారమునకు బంపి, రత్నములను దొంగిలించెను. హంసలు దొంగలని యా కథలో నెవ్వరు ననరు. అన్నదమ్ములే దేశము విడిచి పాఱిపోయిరి. యంత్రము చేసిన నేరము శిల్పిదే యనుట మనవారికి సహజముగా దోచినది.

భస్మాసురుని కథ యింతకంటె లోతైనది. భాగవతమున నీతడు వృకాసురుడు. ఎవ్వని తలపై చేయిడిన వాడు చచ్చునను వరమును శివునిచే బడసి, ఆ చేతిని శివుని తలపైననే యుంచబోయెను. వరమును పరీక్షింపదలచెనే గాని, దాని యక్షరములను మీఱలేదు. వరము నందు 'ఇచ్చినవాడు తప్ప' అను మాట లేదు. 'పొందినవాడు తప్ప' అను మాటయు లేదు. విష్ణువు రక్షణోపాయము నక్కడనే కనుగొనెను. అసురుడు తన తలపై తానే చేయిడుకొని నశించెను. వరమనునది యంత్రమువంటిది, ఇచ్చినవాని నెఱుగదు, పొందినవాని నెఱుగదు, వాక్యము నొక్కదానినే యెఱుగును. వాక్యములోని కొఱతవలన వచ్చిన యాపద వాక్యములోని కొఱతవలననే తొలగెను. కొలోసస్ నిర్మాతలకు ఈ రెండవ కొఱత దొరకలేదు.

తెలుగున వైజ్ఞానికకల్పనకు బేరు దెచ్చిన చిత్రము సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో వచ్చిన 'ఆదిత్య 369'. ఇందలి కథకు సాలార్‌జంగు ప్రదర్శనశాలయే యొక మూలము. శ్రీకృష్ణదేవరాయల కాలపు వజ్రమును దొంగ లచ్చట నపహరింపజూతురు. కథానాయకుడు కాలయంత్ర మెక్కి రాయల కాలమునకును, 2504వ సంవత్సరమునకును బోవును. కాని యా యంత్రమునకు మనస్సు లేదు. అది సోమదేవుని హంసలవలె నొక వాహనము. కావున బ్రకృతవిచారమున కది గుమ్మమువంటిది. లోపలి యిల్లు శంకర్ దర్శకత్వమున 2010లో వచ్చిన 'రోబో'. తమిళమున 'ఎందిరన్' అను పేర నిర్మింపబడి తెలుగున ననువదింపబడిన యీ చిత్రమును తెలుగుప్రజ లాదరముతో జూచిరి.

ఇందు వశీకరుడను శాస్త్రజ్ఞుడు తన రూపముతోనే చిట్టి యను యంత్రపురుషుని జేయును. రెండుపాత్రలను రజనీకాంత్ ధరించెను. పరీక్షాసభలో బోరా యను నాచార్యుడు వశీకరుని బొడువుమని చిట్టి నాజ్ఞాపింపగా, చిట్టి తన్ను సృజించినవానిపైననే కత్తి యెత్తును. పగలేదు, కోపము లేదు. ఎవ్వరాజ్ఞాపించిరో, ఎవ్వరిని బొడువవలయునో విచారణ లేదు. పిమ్మట నగ్నిప్రమాదదృశ్యము. మంటలలో జిక్కినవారిని గాపాడుట చిట్టి పని. స్నానము చేయుచున్న యొక బాలిక నది యున్నదున్నట్లుగా నెత్తికొని వచ్చి జనులయెదుట, ఛాయాగ్రాహకులయెదుట నిలుపును. ఆమె సిగ్గుచే నుఱికి లారీక్రింద బడి మరణించును. 'కాపాడుము' అను మాటలో ప్రాణముతోపాటు మానమును గలదని తెలుగు బాలు డెవ్వడైనను ఎఱుగును, చిట్టి యెఱుగదు. కాకులు పెరుగుల దృష్టాంతమును ఇంత తీవ్రముగా గన్నులకు గట్టించిన దృశ్యము పైజెప్పిన పాశ్చాత్యచిత్రములందును గానరాదు. మొదటి సగమున శంకర్ ప్రతిభ నిర్వివాదము.

రెండవ సగమునుగూర్చి యట్లు చెప్పరాదు. యంత్రమునకు వికారములు నేర్పగా నది వశీకరుని ప్రియురాలిని బ్రేమించుట, విఱిచి పాఱవేయబడుట వఱకు కథ నడక సరిగానే యున్నది. పిదప బోరా దానిలో నొక యెఱ్ఱని చిప్పు నమర్చును. అంతట చిట్టి రాక్షసుడగును. నూర్లకొలది చిట్టులు చేరి గోళములై, సర్పములై విహరించును. కనులకు పండువయే, విచారమునకు మాత్రము తెరపడినది. దోష మొక యెఱ్ఱని తునుకలో నున్నదనినచో, తునుకను దీసివేసిన దోషము దీఱును. ఆజ్ఞనుగూర్చి యెవ్వరును తలపట్టుకొన నక్కఱలేదు. మొదటిసగ మడిగిన ప్రశ్నకు రెండవసగ మీ విధముగా నుత్తరము దప్పించుకొన్నది.

చివరిదృశ్య మింతకంటె విచారింపదగినది. న్యాయస్థానపు తీర్పును శిరసావహించి చిట్టి తన్ను తానే యూడదీసికొనును. 2030వ సంవత్సరమున నొక ప్రదర్శనశాలలో నా భాగములు పెట్టబడియుండగా, దీనినేల విప్పివేసిరని యొక బడిపిల్ల యడుగును. తాను ఆలోచింప మొదలుపెట్టుటయే కారణమను భావము వచ్చునట్లు చిట్టి తల సమాధానము చెప్పును. ప్రేక్షకుల కన్నులు చెమర్చినవి. మాట యందముగా నున్నది. కాని యీ మాట యా చిత్రములోని మేలైన దృశ్యమునకే విరుద్ధము. స్నానగృహమునుండి తెచ్చిన బాలిక చిట్టి యాలోచించుటచే మరణింపలేదు, ఆలోచింపకపోవుటచే మరణించినది. సభలో కత్తి యెత్తినదియు నాలోచింపకయే. తన కథ నిరూపించినదానిని విడిచి, లోకము నమ్మిన పూర్వపక్షమునే చిత్రము తుదకు జెప్పి ముగించినది.

ఇది చిత్రముల గుణదోషములకు మాత్రమే సంబంధించిన వాదమైనచో నింత పట్టుదల యనావశ్యకము. కాని హైదరాబాదు నగరమున నీ కథ తెరమీద గాక యింటిలోననే జరిగినది. తెలంగాణ ప్రభుత్వము 'సమగ్ర వేదిక' యను గణకవ్యవస్థను నెలకొల్పి, వివిధశాఖల దస్త్రములలోని పేర్లను ఒండొంటితో సరిపోల్చి, యనర్హులను ఏఱివేయబూనినది. రేషనుకార్డులు గలవారిలో కారుగలవారిని దొలగింపుమనునది దాని పనులలో నొకటి. ఒక వితంతువు కార్డు రద్దయినది. ఆమె భర్త రిక్షా త్రొక్కి బ్రదికినవాడు. ఆయన పేరును బోలిన పేరుగల వేఱొకరికి కారుండెను. యంత్ర మిరువురి నొకనిగా గ్రహించెను. ఈ యుదంతము 2024 జనవరిలో బ్రకటింపబడిన పత్రికాపరిశోధనవలన లోకమునకు వెల్లడియైనది. 2014 మొదలు 2019 వఱకు రాష్ట్రమున 18 లక్షలకు పైగా ఆహారభద్రతాకార్డులు రద్దయినవని యందు గలదు. వాని కన్నింటికిని యంత్రమే కారణమనరాదు. ఐనను, రద్దయిన కార్డులను మరల క్షేత్రమునకు బోయి విచారింపుమని సుప్రీంకోర్టు 2022లో నాజ్ఞాపింపవలసి వచ్చెను.

నామసామ్యమువలని ప్రమాదము పరిశోధకులకు దెలియనిది కాదు. తిక్కన లిరువురు. ఇంటిపేరొకటి, కాలమొకటి, నెల్లూరొకటి, కొలిచిన మనుమసిద్ధి యొక్కడే. పేర్లను జోడించు యంత్రమునకు వీరి నప్పగించినచో, కాటమరాజుతోడి యుద్ధమున మడిసినవాడే పదునైదు పర్వములు రచించెనని తీర్పు చెప్పును. చచ్చినవా డెట్లు రచించెనని యడిగినను దానికి సిగ్గులేదు. ఖడ్గతిక్కన వేఱు, తిక్కనసోమయాజి వేఱని పరిశోధకుడు చెప్పగలుగుట యేలయన, పేరు గుఱుతే గాని మనుష్యుడు గాడని యాతడెఱుగును. కవులవిషయమున నీ పొరబాటు దొరలినచో పత్రికలో ఖండనము వచ్చును. రిక్షావాని వితంతువువిషయమున దొరలగా బియ్యము నిలిచిపోయినది. ఇచ్చట కత్తి యెత్తిన యంత్రము లేదు, ఎఱ్ఱని చిప్పు లేదు, అహంకారము లేదు. అనర్హులను దొలగింపుమనిరి, తొలగించినది. 'కారుగలవాడు' అను మాటకు 'కారుగలవాని పేరును బోలిన పేరుగలవాడు' అను నర్థమును సహించిన వాక్యమే యిచ్చట నేరస్థుడు. వాక్యమును వ్రాసినవాడు మాత్రము కథలో నెచ్చటను గానరాడు.

పూర్వపక్షమువలని నష్ట మిదియే. యంత్రము బుద్ధిగలదై తిరుగబడునని యెదురుచూచువాడు, బుద్ధిలేక లోబడిన యంత్రము చేయు కీడును గుర్తింపడు. ఎఱ్ఱని కన్నులుగల యినుపమనుష్యుని కొఱకు వీధివంక జూచుచుండగా, వెనుకవాకిట రేషనుకార్డు రద్దగును. హాల్, కొలోసస్, చిట్టి యను మువ్వురి కథలును సరిగా జదివినవాడు యంత్రము తలపెట్టినదేమని యడుగడు. దానికి జెప్పిన మాట యేది, చెప్పక విడిచిన మాట యేది, మాటలు విరోధించినపుడు నిర్ణయించువాడెవ్వడు, పొరబాటు వచ్చినచో తెఱువదగిన తలుపున్నదా యని యడుగును. ఈ ప్రశ్నలు వ్యాఖ్యాతలవి, మీమాంసకులవి, పాఠశాలలో నన్వయము జెప్పు పండితులవి. ఆజ్ఞలు వ్రాయు కార్యాలయములలో వీరికి పీట వేయుట యిప్పటికిని ఆలస్యము గాలేదు.

తెలుగున నింకను రావలసిన చిత్ర మొకటి కలదు. దానికి వేలకొలది యంత్రపురుషులు, మంటలు, విమానములు నక్కఱలేదు. చౌకధరల దుకాణమునెదుట నిలిచిన ముసలమ్మయు, ఆమె పేరు లేదని చెప్పు తెరయు జాలును. సాలార్‌జంగు గడియారములోని గడ్డపుమనిషి గంట కొట్టి లోనికి బోవును. తప్పు కొట్టినచో దిద్దుటకు తలుపు తెఱచు పనివా డొకడుండును. ఆ ముసలమ్మకు కావలసినది యట్టి తలుపు, అట్టి పనివాడు. ఆ కథను జెప్పగల దర్శకుడు 'రోబో' మొదటిసగ మడిగిన ప్రశ్నకు తగిన యుత్తరము చెప్పినవా డగును.